ఇంటిని పట్టిన పొగ

మావారు పదునైదేండ్లు పంతులుపనిలో కూడబెట్టిన సొమ్ముతో నిరుడు తెనాలిలో ఒక పాతయిల్లు కొంటిమి. చూడబోయిన దినమున కిటికీలన్నియు బార్లా తెరచియుండెను. లోపల సాంబ్రాణి వేయుచుండిరి. ఆ యింటివారి భక్తికి మేము మురిసితిమి. మా అత్తగారు మాత్రము ముక్కు చిట్లించి, “ఇదేమి వాసనే అమ్మాయీ?” అనిరి. మేము చెవిని బెట్టలేదు.

రిజిస్ట్రేషను ముగిసి, ముసురు పట్టిన యొకరాత్రి తలుపులు మూసికొని పరుండినపుడుగాని ఆ సాంబ్రాణి యెందులకో తెలియలేదు. గోడగోడయు సిగరెట్టుకంపు! ఇల్లమ్మిన పెద్దమనిషి యేండ్లతరబడి ముందుగదిలో కూర్చుండి పొగ త్రాగెడివాడని పొరుగువారు తరువాత చెప్పిరి. మా చిన్నవానికి ఉబ్బసము. మూడవనాటికి ఆయాస మారంభమయ్యెను.

కంపే కదా, వెల్ల వేసిన పోవునని తలచి ఎనిమిదివేలు ఖర్చుపెట్టితిమి. నెల తిరుగకమునుపే తెల్లగోడపై పసుపుపచ్చని చారలు దిగినవి, కంపును ఘాటెక్కెను. మావారు తమ బడిలోని రసాయనశాస్త్రపు మాస్టారు నడిగివచ్చిరి. పొగలోని నికోటిను గోడకు జిడ్డువలె పట్టియుండును. సున్నము తగిలినచో అది లవణరూపము విడిచి సులువుగా ఆవిరియగును. పొగాకు నమలువారు అరచేత సున్నము వేసి నలుపుట యిందులకే యట! మేము డబ్బిచ్చి గోడలకు చేయించినదియు నదియే.

ఈ జిడ్డు గదిగాలిలోని నైట్రసు ఆమ్లముతో కలిసి క్యాన్సరు కలిగించు పదార్థములను పుట్టించునని 2010లో అమెరికాలోని బర్క్లీ ప్రయోగశాలవారు కనుగొనిరి. పొగ త్రాగువారు విడిచిన యిండ్లను శుభ్రపరచి, రెండు నెలలు ఖాళీగా నుంచిన పిమ్మటకూడ, క్రొత్తగా చేరినవారి వ్రేళ్లపై నికోటిను కనబడెనని 2011లో శాన్‌డియేగో పరిశోధకులు తెలిపిరి. నేలపై ప్రాకి వ్రేళ్లు నోటబెట్టుకొను బిడ్డల మాట యేమనవలెను?

మరల మొదటికి వచ్చితిమి. సున్నమంతయు గీకించి, కరెంటు ఆపి, కప్పు మొదలుకొని సబ్బునీళ్లతో కడిగి, నీరు కలిపిన వెనిగరులో గుడ్డ ముంచి తుడిచితిమి. పిండిన నీళ్లు డికాషను రంగున నుండెను! నాలుగుమారులు తుడిచినగాని తేటపడలేదు. ఫంకారెక్కలు, స్విచ్చిపలకలు, తలుపుల పైయంచులు మరువరాదు. వారు వదలిపోయిన తెరలను, దూదిపరుపును పారవైచితిమి. గోడలారిన పిదప నూనెప్రైమరు, ఆపై రంగు. కొయ్య బీరువాలకు లోపల వెలుపల లక్కపాలిషు పట్టించితిమి. పాండవులకు చేటైన లక్క మనకు రక్షయయ్యెనని మావారి పరిహాసము. స్పిరిటు కలిసిన సరుకు గనుక ఆరువరకు మేము పొయ్యియైనను వెలిగింపలేదు.

ఇల్లు కొనబోవువారు గోడపై క్యాలెండరు ఎత్తి చూడుడు. దానిక్రింద తెల్లగాను చుట్టును పచ్చగాను ఉన్నచో సంగతి తెలియును. వానలోనే పొండు, తలుపులు మూయించుడు, అలమర తెరచి వాసన చూడుడు. అమ్మువారు నొచ్చుకొన్న నొచ్చుకొనిరి.

ముందుగది అటకపలకలు ఇంకను ఊడదీయించవలసియున్నది. అందాక ఆ గదికి తాళము. చిన్నవాడు వెనుకగదిలో మా అత్తగారి ప్రక్కన పరుండుచున్నాడు.