పాత చింతకాయే పథ్యం

మన చిన్న పత్రికలకు ఒక జబ్బు ఉంది. నెల తిరిగేసరికి తాము అచ్చువేసిందాన్ని తామే మరిచిపోతాయి. కొత్త సంచిక గడప తొక్కగానే పాత సంచిక అటక ఎక్కుతుంది. ఆపైన దాన్ని చెదలు చదవాలి, ఎలుకలు చదవాలి, లేదా పాత పేపర్లు కొనేవాడు తూకం వేసి చదవాలి. మనిషి మాత్రం చదవడు. అందులో ఏముందో అతనికి చెప్పినవాడు లేడు గనక.

ఈ జబ్బు ఆంధ్రలోని, తెలంగాణలోని పత్రికలకూ లేకపోలేదు. కాని వాళ్లకది జలుబు, మనకు క్షయ. అక్కడ ఒక పత్రిక మరిచినదాన్ని మరో పత్రికో, విశ్వవిద్యాలయమో, ఊరి గ్రంథాలయమో గుర్తుపెట్టుకుంటుంది. హోసూరు తెలుగు, బళ్లారి తెలుగు, బరంపురం తెలుగు, షోలాపురం తెలుగు ఎవరి లెక్కలోకీ రావు. మన సంగతి మన పత్రికలోనే అచ్చవుతుంది, మన పత్రికలోనే సమాధి అవుతుంది. అక్కడా మరిచామంటే ఇక ఎక్కడా లేదన్నమాటే.

నేను చెప్పదలచుకున్నది ఒక్క మాట. ప్రతి వ్యాసం చివర, దానికి సంబంధించి అదే పత్రికలో ఇదివరకు వచ్చిన రెండు మూడు వ్యాసాల పేర్లు నెల, సంవత్సరం, పుట సంఖ్యలతో సహా అచ్చువేయాలి. మూడు పంక్తుల పని. ఆ మూడు పంక్తులు వేయని సంపాదకుడు సగం పని చేసి పూర్తి పని చేశానని అనుకుంటున్నాడని నా అభియోగం.

ఇదేదో గ్రంథాలయాల వాళ్ల ముచ్చట అనుకునేవారికి ఒక ఉదాహరణ చెబుతాను. తమిళనాడులో 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికో తరగతి చొప్పున పైకి పాకి, 2015-16లో పదో తరగతికి చేరింది. అంటే ఆ దెబ్బ మన పిల్లలకు తగలడానికి పదేళ్ల వ్యవధి ఉంది. ఆ పదేళ్లలో మనం చేసిందేమిటి? ఎవరికి తోచినప్పుడు వాళ్లు ఒక ఆవేశపు వ్యాసం రాశారు. ప్రతి వ్యాసమూ మొదటి వ్యాసంలాగే మొదలైంది. రాజ్యాంగంలో మన హక్కు ఏ అధికరణంలో ఉందో ప్రతివాడూ మళ్లీ మొదటి నుంచి వెతుక్కున్నాడు.

ఆ హక్కు కొత్తగా పుట్టింది కాదు. 1956లో ఏడవ సవరణతో వచ్చిన 350-ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించడానికి ప్రయత్నించమని ప్రతి రాష్ట్రానికీ చెబుతోంది. 350-బి అధికరణం ఆ సంగతి చూడడానికి ప్రత్యేకాధికారిని పెట్టమంటోంది. అంతకు ముందే, 1949లో, రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క కట్టింది. బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలుంటే ఒక ఉపాధ్యాయుణ్ణి వేయాలని. ఈ నలభై, పది లెక్క నోటికి వచ్చిన తండ్రి హెడ్మాస్టరు గది ముందు నిలబడే తీరు వేరు, తెలియని తండ్రి నిలబడే తీరు వేరు. మొదటివాడు దరఖాస్తు ఇస్తాడు, రెండోవాడు దణ్ణం పెడతాడు. మన తల్లిదండ్రుల్లో ఎందరు దరఖాస్తు ఇవ్వగలరు?

ఇలాంటి సంగతులు పాత సంచికల్లో లేవా అంటే ఉంటాయి. ఎప్పుడో ఎవరో శ్రద్ధగల ఉపాధ్యాయుడు కూర్చుని రాసే ఉంటాడు. కాని ఈ ఏడాది పిల్లవాణ్ణి బడిలో వేస్తున్న తల్లికి ఆయన పేరు తెలియదు, ఆ నెల తెలియదు, అలాంటి వ్యాసం ఒకటి ఉందనే తెలియదు. ఆమె చేతికి వచ్చేది ఈ నెల సంచిక. ఆ పాత వ్యాసానికి దారి ఈ నెల సంచికలో లేకపోతే ఇంకెక్కడుంటుంది?

దీనికి సంపాదకుల నుంచి మూడు నాలుగు జవాబులు వినిపిస్తుంటాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది: పాఠకులకు కొత్తది కావాలండీ, పాత చింతకాయ పచ్చడి ఎవరిక్కావాలి అని. ఈ మాట అనేవాళ్లు చింతకాయ పచ్చడి సంగతీ ఎరగరు, పాఠకుల సంగతీ ఎరగరు. జ్వరం తగ్గి లేచినవాడికి, బాలింతకు మన ఇళ్లలో పెట్టేది ఏ పచ్చడి? కొత్తావకాయ కాదు, పాత చింతకాయే. నిలవ ఉన్నకొద్దీ అది పథ్యానికి పనికొస్తుంది. మన భాష ఇప్పుడున్న స్థితి జ్వరం తగిలి లేచిన మనిషి స్థితే. దానికి రుచుల కన్నా పథ్యం ముఖ్యం.

రెండవది: చోటు లేదు అని. అరపేజీ అభినందన ప్రకటనకు చోటుంటుంది. సన్మానం ఫొటోలో వేదిక మీది పద్నాలుగు మంది పేర్లు ఎడమ నుంచి కుడికి వేయడానికి చోటుంటుంది. మూడు పంక్తులకు మాత్రం ఉండదు.

మూడవది కాస్త బరువైన జవాబు. ఇప్పుడు అన్నీ స్కాన్ అవుతున్నాయి, ఎవరికి కావలసింది వాళ్లు కంప్యూటర్‌లో వెతుక్కుంటారు, మనకెందుకీ శ్రమ అని. స్కాన్ చేయడం మంచి పనే, నేను కాదనను. 1924లో మద్రాసులో పుట్టి 1991 వరకు నడిచిన 'భారతి' సంచికలు ఇవాళ ఇంట్లో కూర్చుని చూడగలుగుతున్నామంటే అది స్కానింగు పుణ్యమే. కాని స్కాన్ చేసిన పుట ఒక బొమ్మ. ఆ బొమ్మలోని అక్షరాలను యంత్రం చదివి పెట్టుకుంటే తప్ప దానిలో మాట వెతకడం కుదరదు. చదివినా, అరిగిపోయిన సీసపు అచ్చులో మన ఒత్తులూ గుణింతాలూ తడబడతాయి.

సరే, అక్షరాలన్నీ తప్పు లేకుండా ఎక్కాయనుకుందాం. ఏ మాటతో వెతుకుతారు? హోసూరు ఇవాళ కృష్ణగిరి జిల్లా. 2004కు ముందు రాసినవాడు ధర్మపురి జిల్లా అని రాశాడు. 1965కు ముందు రాసినవాడు సేలం జిల్లా అని రాశాడు. పర్లాకిమిడి ఇవాళ గజపతి జిల్లా, 1992కు ముందు గంజాం. బొంబాయి 1995లో ముంబయి అయింది, మద్రాసు 1996లో చెన్నై అయింది, పాండిచ్చేరి 2006లో పుదుచ్చేరి అయింది, ఒరిస్సా 2011లో ఒడిశా అయింది. ఒకరు మాతృభాష అంటారు, ఇంకొకరు తల్లిభాష అంటారు, మరొకరు అమ్మనుడి అంటారు. మూడూ ఒకటేనని యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి. కృష్ణగిరి అని కొట్టినవాడికి సేలం వ్యాసం దొరకదు. ఆ రెండూ ఒకే ఊరి కథ అని తెలిసినవాడు ఆ రెండు వ్యాసాలూ చదివిన మనిషే. అంచేత దారి చూపే పని చదివినవాడిదే. యంత్రం సాయం చేస్తే చేయనివ్వండి, పెత్తనం మాత్రం దానికి ఇవ్వకండి.

మరి ఏ వ్యాసాలకు దారి చూపాలి? ఇక్కడే అసలు తెలివి కావాలి. ఎక్కువమంది మెచ్చినవి ఏరి 'మణిపూసలు' అని వార్షిక సంచికలో మళ్లీ వేయడం దారి చూపడం కాదు. అందరికీ తెలిసినదాన్నే ఇంకోసారి తెలపడం అది. పెద్ద పేర్లను చూసి ఎంచడమూ అంతే. సంపాదకుడు తన పాత సంపాదకీయాలనే ప్రతి వ్యాసం కిందా తగిలించడం అన్నిటికన్నా హీనం. పాఠకుడికి తెలియనిదాన్ని, ఇప్పుడు చదివినదానితో నిజంగా చుట్టరికం ఉన్నదాన్ని చూపాలి.

నా లెక్కలో ఆ చుట్టరికం మూడు రకాలు. ఒకటి, ఈ కథకు వెనకటి కథ. ఈ నెల బరంపురం బడుల మీద వ్యాసం వస్తే, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డప్పుడు సరిహద్దుకు ఆవల ఉండిపోయిన తెలుగువాళ్ల మీద వచ్చిన వ్యాసం దానికి తాతవంటిది. రెండు, ఎదిరి మాట. తెలుగు మాధ్యమం కావాలని ఒకరు రాస్తే, మాధ్యమం వద్దు, ఒక పాఠ్యాంశంగా ఉంటే చాలని ఇదివరకు ఎవరన్నా రాశారేమో చూసి దాన్నీ చూపాలి. మనవాళ్లు చాలామంది ఈ పని చేయరు. తమకు నచ్చనిదాన్ని అటక మీదే ఉంచుతారు. మూడు, ఇంకో రాష్ట్రంలో ఇదే బాధ. ఇది మనకు అన్నిటికన్నా ముఖ్యం.

ఎందుకంటే మనం చెదిరిపోయి ఉన్న జనం. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చి బళ్లారి మైసూరుకు పోయిన సంగతి బళ్లారివారికి తెలుసు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయిన సంగతి అక్కడివారికి తెలుసు. పర్లాకిమిడి సంగతి పర్లాకిమిడివారికి తెలుసు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. ఒకే గీత మూడు చోట్ల మూడిళ్ల మధ్య నుంచి పోయింది. ప్రతి ఇంటివాడూ తన ఇల్లొక్కటే చీలిందని ఏడుస్తున్నాడు. ఈ మూడు వ్యాసాలను ఒకదాని కింద ఒకటి పేర్కొంటే చాలు, మూడిళ్లవాళ్లకూ ఒకరి ముఖం ఒకరికి కనబడుతుంది. సాహిత్యంలోనూ అంతే. కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ 'గోపల్లగ్రామం' మన వలస కథే. హోసూరు కథకుల మీద వచ్చిన వ్యాసం కింద ఆ నవల మీది పాత వ్యాసం పేరు వేస్తే, హోసూరు కుర్రవాడికి దక్షిణాన తనకొక పెదనాన్న ఉన్నాడని తెలుస్తుంది.

నాలుగవ జవాబు: పాతవాటిలో చెప్పింది ఇప్పుడు చెల్లదు, చట్టాలు మారాయి, పాఠకుణ్ణి తప్పుదారి పట్టించినట్లవుతుంది అని. ఇందులో నిజముంది. దీనికి విరుగుడు దాచిపెట్టడం కాదు, తేదీ చెప్పడం. 'ఇది 1998 నాటి వ్యాసం, 2006 చట్టం తరువాత ఇందులోని పరీక్షల సంగతి మారింది, చరిత్ర భాగం చదవదగ్గది' అని ఒక్క వాక్యం కలిపితే ఆ వ్యాసం మళ్లీ బతుకుతుంది. ఆ వాక్యం రాయాలంటే సంపాదకుడు ఆ వ్యాసం మళ్లీ చదవాలి. బహుశా అసలు ఇబ్బంది అదేనేమో.

ఇక చేసేదెలా అంటారా? నెలకు పది రచనలు వేసే పత్రిక ఏడాదికి 120, ఇరవై ఏళ్లకు 2,400 రచనలు వేస్తుంది. పుటకు ఇరవై పంక్తుల చొప్పున రాస్తే 120 పుటలు. ఒక్కో రచనను రెండు శీర్షికల కింద రాసినా రెండు లాంగ్ నోటుబుక్కుల్లో ఇరవై ఏళ్ల పత్రిక పడుతుంది. శీర్షికలు విషయాన్ని బట్టి ఉండాలి: బడి, చట్టం, వలస, ఊరు, యాస, పాట, వంట, వృత్తి. రచయితల పేర్ల పట్టిక ఒక్కటే వేసి చేతులు దులుపుకుంటే అది రచయితలకు తృప్తి, పాఠకులకు శూన్యం. అక్కర ఉన్నవాడికి తెలిసేది తన అక్కరే, రాసినవాడి పేరు కాదు.

ఇంకొక చిక్కుంది. కొత్త వ్యాసం పాతదాన్ని చూపగలదు గాని, అచ్చయిపోయిన పాత వ్యాసం కొత్తదాన్ని చూపలేదు. అందుకే ఏడాదికొకసారి, ఉగాది సంచికలో, ఆ ఏటి విషయసూచిక నాలుగు పుటలు తప్పక వేయాలి. పాత సంచిక చేతబట్టినవాడు ఆ సూచికలు చూసి ముందుకు రాగలడు. పేరు చూసిన పాఠకుడు వ్యాసం అడిగితే జిరాక్సు తీసి, ఖర్చు పుచ్చుకుని, పోస్టులో పంపే ఏర్పాటు ఉండాలి. తాళం వేసిన ఇంటికి దారి చూపి లాభం లేదు.

మన వెనకటివాళ్లు ఇంతకన్నా తక్కువ వసతులతో ఇంతకన్నా పెద్ద పనులు చేశారు. 'ఆంధ్రపత్రిక' 1908లో బొంబాయిలో పుట్టింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక పెట్టారు. వాళ్లవన్నీ ఇప్పటి సరిహద్దులకు అవతలి ఊళ్లే. పంతులుగారి వాదనలో సగం బలం ఎక్కడిది? పాత గ్రంథాలు తిరగేసి, ఫలానా కవి ఫలానా చోట ఇలా వాడాడని చిరునామాతో సహా చూపడం. ఎదుటివాళ్లు కొట్టిపారేయలేకపోయింది ఆ చిరునామాలనే.

మనం మాత్రం ప్రతి పదేళ్లకూ ఒకసారి కొత్తగా పుట్టి, కొత్తగా ఏడ్చి, కొత్తగా ఒక విజ్ఞాపన రాసి ఊరుకుంటున్నాం. మొన్నటి విజ్ఞాపన నకలు మన దగ్గర లేదు. ఉన్నా ఎక్కడుందో తెలియదు. మనకు జ్ఞాపకం లేదని కచేరీలవాళ్లకు బాగా తెలుసు, అందుకే ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే వింటారు. సంపాదకులారా, వచ్చే నెల నుంచి మూడు పంక్తులు వేయండి. ముందుగా ఈ వ్యాసం కిందనే వేయండి. ఈ సంగతి నాకన్నా ముందు మీ పత్రికలోనే ఎవరో ఒకరు రాసి ఉంటారు. ఆయన పేరు వెతికి పెట్టండి.