లివరు ఒకటే, లోపలి పని వేరు



మన గోడపత్రికలో ఎప్పుడూ పరిశుభ్రత గురించి, చెట్ల గురించి రాస్తుంటాం. ఈసారి నేను ట్రాక్టరు గేరు గురించి రాస్తున్నాను. నవ్వకండి. ఆ గేరు వల్ల మా మామకు ఒక నెల జీతం పోయింది.

మామ ఒక ఆసామి దగ్గర ట్రాక్టరు తోలుతాడు. పోయిన వానాకాలం ఆసామి కొత్త బండి తెచ్చాడు. దానికి స్టీరింగు పక్కన, ఎడమ చేతికి అందేలా ఒక చిన్న లివరు ఉంది. ముందుకు నెడితే బండి ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి, మధ్యలో పెడితే న్యూట్రల్. దీన్నే షటిల్ గేరు అంటారు. మామ అంతకు ముందు జేసీబీ మీద హెల్పరుగా ఉన్నాడు. అక్కడ డ్రైవరు క్లచ్ తొక్కకుండానే ఇలాంటి లివరును అటూ ఇటూ కొట్టడం చూశాడు. అదే అలవాటుతో దమ్ము చేసేటప్పుడు మడి మూలకు రాగానే, బండి ఆగకముందే, క్లచ్ సగం తొక్కి లివరు లాగేవాడు. సీజను అయ్యేసరికి గేరు పడేటప్పుడు గరగరమని చప్పుడు మొదలైంది. మెకానిక్ విప్పి చూస్తే లోపల రింగు అరిగిపోయింది, క్లచ్ ప్లేటు మాడిపోయింది. ఆసామి జీతం పట్టుకున్నాడు.

తప్పు మామదేనా? సగమే అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఇంజను ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది. మరి బండి వెనక్కి ఎలా పోతుంది? రెండు పళ్ళచక్రాలు ఆనుకుని ఉంటే ఒకటి కుడికి, రెండోది ఎడమకు తిరుగుతాయి. మధ్యలో మూడోది పెడితే చివరి చక్రం మొదటిదాని వైపే తిరుగుతుంది. ఆ నడిమి చక్రమే దిశ మార్చేది. నడిమి చక్రం లేని దారికో, ఉన్న దారికో బలాన్ని కలపడమే లివరు పని. మామూలు బండ్లలో చాలావాటికి 8 ముందు గేర్లు, 2 వెనక గేర్లు ఉంటాయి. షటిల్ బండిలో వేసిన గేరు వేసినట్టే ఉంటుంది, దిశ ఒక్కటే మారుతుంది. అందుకే 12 ముందుకు ఉంటే 12 వెనక్కి కూడా ఉండే బండ్లు ఉన్నాయి.

అయితే లివరు ఒకేలా కనిపించినా లోపల రకాలు వేరు. సింక్రో షటిల్‌లో ఒక రింగు రాసుకుని చక్రాల వేగాన్ని సమం చేస్తుంది, ఆ తర్వాతే పళ్ళు పడతాయి. ఆ రింగు లోపలి చక్రాల వేగాన్నే సర్దగలదు, లోడు బండి బరువును ఆపలేదు. కనుక బండి ఆపి, క్లచ్ పూర్తిగా తొక్కి మార్చాలి. పవర్ షటిల్‌లో నూనెలో మునిగిన రెండు క్లచ్‌లు ఉంటాయి. నూనె ఒత్తిడి ఒకదాన్ని పట్టి, ఇంకోదాన్ని వదులుతుంది. అందుకే దిశ మార్చడానికి కాలితో క్లచ్ తొక్కే పని లేదు. దాన్ని కూడా వేగం తగ్గించి మార్చడమే మంచిది. మామ చూసింది నూనెతో పనిచేసేది, తోలింది రింగుతో పనిచేసేది.

ఇంకో సంగతి. న్యూట్రల్ అంటే బ్రేకు కాదు. ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోయిందని అర్థం. మన కొండదారుల్లో ఏటవాలు మీద లివరు మధ్యలో పెట్టి దిగిపోతే ట్రక్కుతో సహా బండి జారిపోతుంది. రింగు పోతే డబ్బుతో వస్తుంది, మనిషి పోతే రాడు.

"డ్రైవరు పని తోలితే వస్తుంది, చదువుకునే పిల్లలకెందుకు?" అని కొందరు అంటారు. మామకు తోలడం వచ్చు. లోపల ఏముందో ఎవరూ చెప్పలేదు. బండితో ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది, అదీ ఆసామి బీరువాలో ఉంది. తెలిసినవాడు చెప్పకుండా, తెలియనివాడి జీతం కోయడం న్యాయమా?

కావున నా మనవి ఏమంటే, సైన్సు సారు మాకు అట్టముక్కలతో మూడు పళ్ళచక్రాలు చేయించాలి. మన హాస్టలుకు బియ్యం తెచ్చే ట్రాక్టరు ఈసారి వచ్చినప్పుడు డ్రైవరన్నను అడిగి ఆ లివరు ఏ రకమో చూద్దాం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మన భాషలో మన వాళ్ళకు చెబుదాం. నేను మామకు చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "ముందే చెప్పి ఉంటే బాగుండేది కదరా" అన్నాడు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి