కాడ విరిగితే పైపు పారెయ్యాలా?

"పార్ట్ దొరకదండీ" అన్న మాట వింటే నాకు ఈ మధ్య ఒళ్ళు మండుతోంది. దొరకదు సరే, చేయించుకోవచ్చు కదా అంటే మాత్రం మనకేసి వింతగా చూస్తారు.

ముందే చెప్పేస్తున్నా, నేను పొగ తాగను, ఎవర్నీ తాగమనీ చెప్పను. మా ఇంట్లో తాతయ్యగారి పొగాకు పైపు ఒకటుంది. కొయ్య భాగం నిక్షేపంగా ఉంది గానీ, నోట్లో పెట్టుకునే నల్లటి కాడ (స్టెమ్ అంటారు) పంటిగాట్లు పడి విరిగిపోయింది. మా బావేమో "షోకేసులో పెట్టెయ్, విరిగిన వైపు గోడకి తిప్పి" అన్నాడు. మహానుభావుడు.

అసలు సంగతేంటంటే, పైపు కాడ బల్బులాంటిది కాదు, హోల్డరు చూసి కొత్తది బిగించేయడానికి. మంచి పైపుల్ని మధ్యధరా తీరంలో పెరిగే బ్రయర్ అనే పొద వేరుబుడిపెతో చేస్తారు. అందులో తొలిచిన బెజ్జానికి, కాడ చివరున్న సన్నటి మొనని చేత్తో సరిచూసి బిగిస్తారు. ఒకే కంపెనీవి రెండు పైపులు తెచ్చి కాడలు మార్చి చూడండి, ఒకటి వదులు, ఇంకోటి దూరదు. మా భాషలో చెప్పాలంటే, ఇంటర్ఫేసు ఒకటే గానీ డాక్యుమెంటేషన్ లేదు :-)

ఇక మెటీరియల్. పాత కాడలు ఎక్కువగా ఎబొనైట్‌వి, అంటే రబ్బరులో బాగా గంధకం కలిపి ఉడికించి గట్టిపరిచింది. అమెరికాలో నెల్సన్ గుడ్‌ఇయర్ దీనికి 1851లో పేటెంటు తీసుకున్నాడు (టైర్ల పేరులో ఉన్న చార్లెస్ గుడ్‌ఇయర్‌కి తమ్ముడు). ఇదేదో సీమసరుకు అనుకోకండి. రాజమండ్రిలో రత్నం పెన్నులు చేసింది ఈ ఎబొనైట్ కడ్డీలతోనే! 1935లో గాంధీగారు మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది ఆ పెన్ను గురించే. కడ్డీని లేత్ మీద తిప్పడం, మధ్యలో బెజ్జం వెయ్యడం, రెండు ముక్కలు ఒకదాన్లో ఒకటి గాలి దూరకుండా కూర్చోబెట్టడం.. పెన్నుకైనా పైపు కాడకైనా పని ఇదే. అన్నట్టు, కేంద్ర పొగాకు పరిశోధన సంస్థని 1947లో పెట్టింది కూడా రాజమండ్రిలోనే. ఒక్క ఊళ్ళో ఇన్ని ఉండగా పైపు కాడ మాత్రం విదేశాల్నుంచి తెప్పించుకోవాలిట.

నిజాంపేటలో అడిగితే ప్లంబర్ నంబరిచ్చారు. బాలానగర్ వెళ్తే మొదటి రెండు లేత్ షాపుల్లో "ఒక్క పీసుకి ఎవరు చేస్తరు సార్, యాభై ఉంటే తీస్కరండ్రి" అన్నారు. మూడో మేస్త్రి మాత్రం పైపు చేతిలోకి తీసుకుని, బెజ్జంలో చిటికెన వేలు పెట్టి చూసి, వెర్నియర్ తీశాడు.

పని చిన్నదేం కాదు. నాలుగు మిల్లీమీటర్ల బిట్టుతో మొన వైపు నుంచి బెజ్జం వేస్తూ, నోటి వైపు వచ్చేసరికి సన్నం చెయ్యాలి. పొడుగు బిట్టు పక్కకి లాగేస్తుంది, కడ్డీ పక్కనుంచి బయటికొచ్చిందా, మళ్ళీ మొదలు. వేగం ఎక్కువైతే ఎబొనైట్ వేడెక్కి గంధకం కంపు కొడుతుంది. మొనని కావాల్సినదానికంటే వెంట్రుకవాసి లావుగా వదిలి, ఆఖర్న ఉప్పుకాగితంతో రుద్దుతూ, రుద్దినప్పుడల్లా పెట్టి చూడాలి. కాస్త మెలితిప్పితే దూరాలి, లాగితే ఊడిరాకూడదు. పళ్ళ దగ్గర ఆకురాయితో చదును చేసి, చివర పెదవికి ఆనే అంచు వదలాలి. వంపు కావాలంటే లోపల తీగ దూర్చి (లేకపోతే బెజ్జం మూసుకుపోతుంది) వేడిచేసి వంచాలి. ఇవేవీ డ్రాయింగు చూసి వచ్చేవి కావు, ఆ ఒక్క పైపూ చేతిలో ఉంటేనే వస్తాయి.

పొగాకు సామాను బాగుచేయించడం ఎందుకు అని కొందరికి అనిపించొచ్చు. న్యాయమే. పొగాకు మీద పద్యం చదివిన గిరీశం మనవాడే, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చి అంగిట్లో కేన్సరు తెచ్చుకున్న శ్రీకాకుళం, విశాఖ ఆడవాళ్ళూ మనవాళ్ళే. అందుకని ఆ పైపులో మళ్ళీ పొగాకు పడదు. తాతయ్య చేతివాటానికి నునుపెక్కిన వస్తువు సగం విరిగి ఉండకూడదు, అంతే.

మేస్త్రి ఆరొందలు అడిగాడు. ఆఫీసులో చెబితే "ఆ డబ్బుకి కొత్తది వస్తుందిగా" అన్నారు. మనం క్లయింటుకి గంటల లెక్కన బిల్లు వేస్తాం, మీటింగులో కూర్చున్న గంటక్కూడా. ఆయన ఒక పూటంతా నించుని చేస్తే మాత్రం కడ్డీ ఖరీదెంత అని లెక్కకడతాం. అందుకే ఆ మొదటి రెండు షాపులవాళ్ళూ యాభై పీసులు తెమ్మన్నారు. వాళ్ళని తప్పుపట్టలేను.

ఫస్టియర్ వర్క్‌షాపు గుర్తుందా? కంప్యూటర్స్ వాళ్ళచేత కూడా మార్టైజ్ అండ్ టెనన్ జాయింటు చేయించారు, అచ్చం ఈ పైపులో ఉన్న అతుకే. క్లాసందరికీ ఒకటే డ్రాయింగు, చేసినదానికి మార్కులు వేసి మూలన పడేసేవారు. దాని బదులు ఒక్కొక్కళ్ళనీ ఇంట్లోంచి విరిగిన వస్తువు ఒకటి తెమ్మని, లేని ముక్క చెయ్యమంటే సరిపోదూ? కుక్కర్ పిడి, కుర్చీ కాలు, గొడుగు కొక్కెం.. ఏదైనా. మార్కులు కూడా తేలిగ్గా వెయ్యొచ్చు, పట్టిందా లేదా చూసి.