పసికూన గెలవాలంటే...

బంతి తన్నకుండా ఫుట్‌బాల్ ఆడొచ్చా? భేషుగ్గా ఆడొచ్చు! ‘ఫుట్‌బాల్ మేనేజర్’ అనే కంప్యూటర్ ఆటలో మీరే కోచ్. ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలి, ఎలా ఆడించాలి... అంతా మీ ఇష్టం. 1992లో బ్రిటన్‌లో ‘చాంపియన్‌షిప్ మేనేజర్’గా పుట్టిన ఈ ఆట 2004లో పేరు మార్చుకుంది.

పెద్ద జట్టును తీసుకుని గెలిస్తే గొప్పేముంది? అసలు మజా పసికూనతోనే. డబ్బుండదు, స్టార్లుండరు. అలాంటి జట్టుతో పెద్ద జట్ల ఆటను కాపీ కొడితే గోల్స్ మోతే! తెలివైనవాళ్లు ముందు తమ దగ్గర ఎవరున్నారో చూసుకుంటారు. మెరుపులా పరిగెత్తేవాడు ఉన్నాడా? మిగతావాళ్లను గోల్ ముందు కాపు పెట్టి, ప్రత్యర్థి ముందుకు రాగానే వెనక ఖాళీలోకి బంతి పంపుతారు. పొడగరి ఉన్నాడా? కార్నర్ కిక్కుల మీద ఆశ పెట్టుకుంటారు.

కంప్యూటర్లు లేని రోజుల్లోనే ఈ విద్యలో ఆరితేరిన హైదరాబాదీ ఒకాయన ఉన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం! ఒకప్పటి బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, భారత జట్టుకూ కోచ్. ఆటగాళ్లకు రెండో కాలు కూడా అలవాటు కావాలని ఆ కాలితోనే పోటీలు ఆడించేవారు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనవాళ్లు మొదట దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. పైగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ, కుట్లు. ఇంకొకరైతే ఆయన్ని పక్కన కూర్చోబెట్టేవారే. రహీం మాత్రం సెమీస్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. జర్నైల్ గోల్ కొట్టారు! ఫైనల్లో మళ్లీ కొరియానే. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి... 2-1తో స్వర్ణం మనదే. అప్పటికే క్యాన్సర్‌తో పోరాడుతున్న రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

అందుకే... నల్గొండలోనో, పాలమూరులోనో మీవాడు ఈ ఆట ముందు కూర్చుంటే టైమ్ పెట్టండి, తప్పులేదు. తిట్టేముందు మాత్రం పక్కన కూర్చుని ఒక్కటడగండి... ‘వీణ్ని ఈడనే ఎందుకు నిలబెట్టినవ్‌రా?’ అని. జవాబు చెప్పాడా, బుర్రకు పదును పెడుతున్నట్టే. నీళ్లు నమిలాడా... ఊరికే మీటలు నొక్కుతున్నట్టు!