మేడ మీద లెట్యూస్, మెస్సులో నీళ్ల చారు

పోయిన ఆదివారం మా మనవరాలు చదివే యూనివర్సిటీకి వెళ్లాం. పేరెందుకు లెండి, అలాంటివి నగరం చుట్టూ బోలెడున్నాయి. మేడ మీద ‘సుస్థిర ఆహార కేంద్రం’ పెట్టారట, వచ్చి చూడమని పిలుపు. ఎక్కి చూస్తే తెల్లటి పీవీసీ గొట్టాలు, వాటి చిల్లుల్లో ఒక్కో లెట్యూస్ మొలక, పైన గులాబీరంగు దీపాలు. హైదరాబాద్ ఎండలో, మిట్టమధ్యాహ్నం, దీపాలు!

“ఎవరు తింటారే ఇది?” అన్నాను.

“ఫొటోలకే తాతయ్యా. మాకెప్పుడూ వెయ్యలేదు.”

కింద మెస్సులో చారు గిన్నె అడుగు కనబడేంత పల్చగా ఉంది. చెయ్యి కడిగే చోట నీలం డ్రమ్ములో సగానికి పైగా పారేసిన అన్నం.

మేడ మీద సేద్యమే తప్పని కాదు. బ్యాంకాక్ శివారు రంగ్‌సిట్‌లో థమ్మసాత్ యూనివర్సిటీ 2019లో అదే పని చేసింది. 2011 వరదల్లో బాధితులకు నీడనిచ్చి, చివరికి తానూ మునిగిన క్యాంపస్ అది. అందుకే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ కొచ్చకార్న్ వొరాఖోమ్ కప్పును కొండవాలు వరిమళ్లలా మెట్లు మెట్లుగా కట్టారు. వాన ఒక్కో మెట్టూ దిగి నాలుగు చెరువుల్లోకి చేరుతుంది. 22,000 చదరపు మీటర్ల కప్పులో 7,000 సాగుకే. ఏడాదికి 20 టన్నులు పండుతుందని లెక్క. నాకు ఆ లెక్క కన్నా, పండింది క్యాంటీన్‌కు వెళ్లడం, క్యాంటీన్ చెత్త ఎరువై మళ్లీ పైకెక్కడం నచ్చింది. మన నీలం డ్రమ్ము ఎక్కడికి వెళ్తుందో!

ఇక మన తిండి సంగతికొస్తే, జొన్నరొట్టె గొడవ ఎత్తుతున్నానని విసుక్కోకండి. జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో, ఉస్మానియా పక్కనే ఉంది. చిరుధాన్యాల పరిశోధన సంస్థ రాజేంద్రనగర్‌లో ఉంది. 2023 చిరుధాన్యాల సంవత్సరమని ఊరంతా బ్యానర్లు కట్టాం. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ సంఘాల ఆడవాళ్లు జొన్న, కంది, అనుములు ఒకే చెక్కలో కలిపి వేస్తూ, విత్తనం బయట కొనకుండా నెట్టుకొస్తున్నారు. వాళ్లను పిలిచి ఒక్క పూట పాఠం చెప్పించిన మెస్సు కమిటీ ఉందా? పిల్లలకు మాత్రం పొద్దున ఉప్మా, రాత్రి మైదా పరోటా. టెండరు తక్కువకు వేసినవాడిదే వంట మరి.

అసలు మేడలెక్కాల్సిన కర్మ మనకెందుకు? వ్యవసాయ విశ్వవిద్యాలయానికి రాజేంద్రనగర్‌లో నేలే ఉండేది. అందులో 100 ఎకరాలు హైకోర్టు కొత్త భవనాలకు ఇచ్చేశారు. విద్యార్థులు వద్దన్నారు, ఎవరు విన్నారు? కోర్టు కావాలి, కాదనను. నగరంలో ఇంకెక్కడా జాగా దొరకలేదా? 2025లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వెళ్తే, సుప్రీంకోర్టు ఆపాల్సొచ్చింది.

తిరిగొస్తుంటే గేటు బయట ఒకావిడ గోనె పరిచి పుంటికూర, తోటకూర, గంగవాయిలి అమ్ముతోంది. “పదికి రెండు కట్టలు సార్, పొద్దుగాల కోసుకొచ్చిన.” లోపల మెస్సు వాళ్లు కొనరా అంటే, “గేటు దాటనియ్యరు సార్” అంది. నాలుగు కట్టలు తీసుకున్నాం.

ఇంటికొచ్చి ఫీజు రసీదు తీసి చూశాను. ‘గ్రీన్ క్యాంపస్ రుసుము’ అట, 2,500 రూపాయలు. ఆవిడ దగ్గర 500 కట్టలొస్తాయి.