తాతగారు చెప్పని కథ

మా తాతగారి సాహసాలు వింటూ పెరిగినవాళ్లం మేము. ఇషా నమాజు ముగించుకుని ఆయన అరుగు మీద కూర్చోగానే పిల్లలందరం చుట్టూ చేరేవాళ్లం. "దాదా, రంగూను కథ!" అని అడగడమే ఆలస్యం, ఆయన కళ్లు మెరిసేవి.

ఆ రోజుల్లో కాకినాడ రేవున ఓడెక్కి బర్మాకు వలస వెళ్లిన తెలుగువారు ఎందరో. కోరంగి రేవు పేరిట మనవారిని అక్కడ 'కొరంగీలు' అనేవారు. తాతగారు కూడా ఇరవై ఏళ్లు నిండకముందే వెళ్లి, రంగూనులో ఒక బియ్యపు మిల్లులో బస్తాలు మోశారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు ఆ నగరంపై బాంబులు కురిపించాయి. లక్షలాది భారతీయులు స్వదేశం బాట పట్టారు. ఓడలో చోటు దొరకనివారికి కాలినడకే గతి అయింది. తాతగారు ప్రోము పట్టణం చేరి, అక్కడి నుంచి అరకాన్ కొండలు దాటి తాంగుప్ రేవు వరకు వంద మైళ్లకు పైగా నడిచారు. ఆపైన పడవలో అక్యాబుకు, అటునుంచి చిట్టగాంగుకు చేరారు.

కాళ్లను పట్టిన జలగలను వదిలించుకున్న తీరు, చెట్టెక్కి పడుకుంటే కొమ్మ విరిగి కింద నిద్రిస్తున్నవారి మీద పడిన వైనం ఆయన చెబుతుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం. దారిలో కలరా సోకి మరణించినవారి ప్రస్తావన వస్తే మాత్రం, "ఇక పడుకోండి" అని లేచిపోయేవారు.

ఒక శుక్రవారం తెల్లవారుజామున ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. జనాజా నమాజు ముగిసి, ఖబరస్తాన్‌లో మట్టి వేస్తున్నాం. గేటు బయట చెప్పులు విడిచి నిలబడిన ఒక పెద్దమనిషి, "అయ్యా, నేను కూడా గుప్పెడు మట్టి వేయవచ్చునా?" అని నాన్నగారిని అడిగారు. ఆయన మన ధర్మానికి చెందినవారు కారు. శ్రీకాకుళం ప్రాంతపు రైతు. నాన్నగారు ఆయనను చేయి పట్టి లోపలికి తీసుకువచ్చారు.

ఇంటికి వచ్చాక ఆయన నోట విన్నాం. ఆయన తండ్రి, మా తాతగారు ఒకే మిల్లులో పనిచేశారట. కొండదారిలో కలరా సోకిన ఆ స్నేహితుడు, భార్యకు ఇమ్మని ఒక గుడ్డ సంచిని తాతగారి చేతికిచ్చి కన్నుమూశాడు. అందులో కూడబెట్టిన వెండి రూపాయలు, ఒక జత కడియాలు ఉన్నాయి. తాంగుప్‌లో పడవ కిరాయికి తాతగారి వద్ద చిల్లిగవ్వ లేదు. సంచి నడుముకే ఉంది. అయినా దాని ముడి విప్పలేదు. రోజుల తరబడి ఇతరుల సామాను మోసి కిరాయి సంపాదించుకున్నారు. ఈ సంగతి ఆ కుటుంబానికి చెప్పినది వెంట నడిచిన మరొకరే తప్ప, తాతగారు కాదు.

"మా అమ్మ ఆ కడియాలు అమ్మలేదు. రూపాయలతో కొన్న చెక్క ఇప్పటికీ మేమే దున్నుతున్నాం" అన్నారాయన.

ప్రాణం తీయడానికి శత్రువులు ఇల్లు చుట్టుముట్టిన వేళ కూడా, తన వద్ద దాచుకున్నవారి అమానతులను అప్పగించే బాధ్యతను హజ్రత్ అలీ (రజి)కి ఒప్పజెప్పి మరీ దైవప్రవక్త (స) మక్కాను వీడారు. ఈ ఘట్టాన్ని మేము ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. మా అరుగు మీదే దాన్ని ఆచరించిన మనిషి కూర్చునేవారని మాత్రం ఎరుగం.

ఆ రాత్రి నాన్నగారు నిద్రపోలేదు. తాతగారు వదిలి వెళ్లింది మూడెకరాల మాగాణి. నాయనమ్మ అంతకుముందే గతించారు. "చెల్లెళ్లకు పెళ్లిళ్లు చేశాం కదా, వాళ్లు అడగలేదు కదా" అని అన్నదమ్ములిద్దరూ చెరి సగం అనుకున్న మాట అప్పటికే ఇంట్లో ఉంది. తెల్లవారి ఫజ్ర్ నమాజు కాగానే నాన్నగారు బాబాయిని కూర్చోబెట్టి, "అడగనంత మాత్రాన వారి సొమ్ము మనదవుతుందా? ఆ సంచిని కూడా ఎవరూ అడగలేదు" అన్నారు. బాబాయి చాలాసేపు తల వంచుకుని, ఆపై సరేనన్నారు.

ముందుగా తాతగారి చిన్న చిన్న బాకీలు తీర్చారు. తరువాత దివ్య ఖుర్ఆన్ నిర్దేశించిన ప్రకారం అన్నదమ్ములకు ఎకరం చొప్పున, మా మేనత్తలిద్దరికీ అరెకరం చొప్పున రాయించారు. చిన్న మేనత్త కాగితం చేత పట్టుకుని, "నాన్న ఉంటే నవ్వేవారు" అంటూ ఏడ్చింది.

ఇప్పుడు మా పిల్లలు రంగూను కథ అడుగుతారు. జలగలు, విరిగిన కొమ్మ అన్నీ చెబుతాను. చివర ఆ సంచి సంగతి కూడా చెబుతాను. తాతగారు ఉంటే వద్దనేవారేమో! అల్లాహ్ ఆయన సమాధిని కాంతిమయం చేయుగాక. ఆమీన్.