ఒకటి అవకుండా ఇంకోటి ఎందుకు?

ఇంట్లో సూది పట్టుకునే ఆడపిల్ల ఎవరైనా ఈ మాట వినే ఉంటుంది. "ఏటే గుంటా, ఒకటి అవకుండా ఇంకోటి ఎందుకే?" మా ఇంట్లో అయితే వారానికి రెండుసార్లు వినిపిస్తుంది. అమ్మ అంటుంది, అత్త అంటుంది, పండక్కి వచ్చిన చుట్టాలు కూడా అంటారు. అమ్మమ్మ మాత్రం అనదు. ఎందుకంటే మా ఇంట్లో సగంలో ఉన్న మూడు బొంతల్లో ఒకటి ఆవిడదే.

మన మంచి కోసమే ఈ మాట అంటారని తెలుసు. చదువుకి, వంటకి, పొదుపుకి ఇది మంచి సలహాయే కావచ్చు. బొంతకి మాత్రం కాదని నా అభిప్రాయం. ఒకేసారి రెండు మూడు బొంతలు నడపడం బద్ధకమూ కాదు, నిలకడ లేకపోవడమూ కాదు. బొంత కుట్టే పద్ధతే అది. ఎందుకో చెబుతాను.

ముందు ఆ మూడు బొంతలూ ఏవో చెప్పాలి. మొదటిది మా అప్ప కోసం. ఫాల్గుణంలో ఆమెకి పురుడు. పసిబిడ్డ కింద పరిచే చిన్న బొంత, రెండు మూరల పొడవుంటే చాలు. పైనా కిందా బాగా నలిగిన నేత చీర, మధ్యలో మూడు పొరలు. రెండోది నాది. రంభ బజారులో టైలరు కత్తిరించి పారేసే జాకెట్టు ముక్కల్ని సంచిలో తెచ్చుకుని, ఒకదానికొకటి అతికి కుడుతున్నాను. మూడోది అమ్మమ్మది. ఆవిడ మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. అందులో ఆవిడ అత్తగారి చీర ఉంది, మా తాతగారి పంచె ఉంది, అమ్మ చిన్నప్పటి పరికిణీ ఉంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు ఇంట్లోకి వచ్చిన నీళ్ళకి ట్రంకు పెట్టె తడిసిపోయింది. ఆ బురద గీత ఇంకా ఒక చీర మీద ఉంది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు.

ఇప్పుడు కారణాలు. మొదటిది గుడ్డ. బొంతకి కావలసిన గుడ్డ కొంటే రాదు. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. దాన్ని పాత గుడ్డతో కలిపి కుడితే, ఉతికాక బొంత ముడతలు పడి ఒక పక్కకి లాగేస్తుంది. అందుకే ఎన్నో ఉతుకులు చూసిన నూలు చీర కావాలి. ఒక చీర అలా మెత్తబడాలంటే ఎవరో ఒకరు దాన్ని ఏళ్ళ తరబడి కట్టాలి. పాలియెస్టరు చీర పాతదైనా పనికిరాదు. అది చెమట పీల్చదు, పొరల మధ్య జారిపోతుంది. పసిబిడ్డ కింద అసలు వేయకూడదు.

మన అమ్మలు రోజూ కట్టేవి ఇప్పుడు చాలావరకు ఆ చీరలే. ఇస్త్రీ అక్కర్లేదు, వానాకాలంలో తొందరగా ఆరతాయి. వాళ్ళని తప్పుపట్టలేం. కానీ నూలు చీర ఒకటి పాతబడి చేతికి రావడానికి నెలలు పడుతుంది. వచ్చినదాన్ని కూడా వీధిలోకి స్టీలు సామాన్లావిడ రాకముందే దాచుకోవాలి. పాత చీరలిస్తే గిన్నె వస్తుందంటే అమ్మ మనసు అటే లాగుతుంది. మా ఇంట్లో కుట్టే పెద్ద బొంతకి ఐదారు చీరలు పడతాయి. మూడో చీర దగ్గర ఆగిపోయిన బొంత, నాలుగో చీర కోసం ఎదురుచూస్తోంది తప్ప నిద్రపోవడం లేదు. అంతవరకూ నేను చేతులు కట్టుకుని కూర్చోవాలా?

రెండో కారణం సమయం. బొంత కుట్టడానికి ఒక పూట మొత్తం ఖాళీగా దొరికే ఆడమనిషి మా వీధిలో నాకు కనిపించలేదు. గుడ్డలాగే సమయం కూడా మనకి ముక్కలుగానే దొరుకుతుంది. నేను రోజూ రంభలో రైలెక్కుతాను. హుమ్మ, గంజాం, ఛత్రపురం, జగన్నాథపురం దాటి బరంపురంలో దిగి కాలేజీకి వచ్చేసరికే సగం ఓపిక అయిపోతుంది. సాయంత్రం ఇంటికి చేరాక నీళ్ళు పట్టాలి, కూర తరగాలి, రికార్డు రాయాలి. మధ్యలో పదిహేను నిమిషాలు ఒకచోట, అరగంట ఒకచోట మిగులుతాయి.

ఒక్కో ముక్కకి ఒక్కో పని సరిపోతుంది. పెద్ద బొంత పొరలు పరిచి టాకాలు వేయాలంటే ముందుగది మొత్తం ఖాళీ చేయాలి, ఇద్దరు మనుషులుండాలి. నాలుగు మూలలా లాగి పట్టుకుని, మడత లేకుండా చూసుకుని, మధ్య నుంచి అంచులకి టాకాలు వేసుకుంటూ రావాలి. అది ఆదివారం మధ్యాహ్నం తప్ప కుదరదు. చిన్న బొంత ఒళ్ళో పట్టేస్తుంది. కుక్కరు మూడు కూతలు వేసేలోపు రెండు వరసలు కుట్టెయ్యొచ్చు. అతుకుల ముక్కలైతే ఇంకా సులువు. రెండు ముక్కలు కలిపితే ఆ పూటకి ఒక పని అయినట్టే. దీపాలు పెట్టాక కుట్టు సరిగ్గా కనబడదు. అప్పుడు పాత చీర అంచులు విప్పుకోవచ్చు, టాకాలకి పనికొచ్చే దారాలు లాగి పెట్టుకోవచ్చు. ఒక్క బొంతే పెట్టుకుంటే ఆదివారం మధ్యాహ్నం కోసం వారమంతా కాచుకోవాలి. మూడు ఉంటే ఏ పదిహేను నిమిషాలూ వృథా కావు.

"ఒకదాని తర్వాత ఒకటి" అన్న పద్ధతి మగ్గానిది. బరంపురం పట్టు నేసే ఇళ్ళు మనలో చాలామందికి తెలుసు, కొందరికి అది సొంత ఇల్లే. మగ్గానికి పడుగు ఎక్కించాక అది అయ్యేదాకా ఇంకో పడుగు ఎక్కదు. మగ్గం గదిని ఆక్రమించుకుని కూర్చుంటుంది. దాని మీద పనే ఇంటికి కూడు పెడుతుంది, అందుకని ఇల్లంతా దాని చుట్టూ తిరుగుతుంది. నేతకారుడు మగ్గం దగ్గర ఉన్నప్పుడు నీళ్ళు పట్టమని ఎవరూ లేపరు. బొంతకి మగ్గం లేదు, గది లేదు. ఎవరైనా పిలిస్తే సూది గుడ్డకి గుచ్చి, మడిచి పక్కన పెట్టి లేవాలి. మగ్గానికి ఇచ్చిన మర్యాద ఇవ్వకుండా మగ్గం నియమం మాత్రం బొంత మీద పెడితే ఎలా?

అమ్మ వైపు మాట కూడా చెప్పాలి. చిలికా ఒడ్డున ఉన్న ఊరు మాది. గాలిలో ఎప్పుడూ తేమే. మడిచి పెట్టిన గుడ్డకి ముక్క వాసన పట్టేస్తుంది. ఎలుక ఒకసారి మూటలో దూరిందంటే మరి చెప్పక్కర్లేదు. రెండు గదుల ఇంట్లో మూడు మూటలు ఎక్కడ పెట్టాలన్నది నిజమైన ప్రశ్న. అందుకే మా ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. మూడుకి మించి మొదలుపెట్టకూడదు. ప్రతిదానికీ వేరే సంచి, అందులోనే దాని సూది, దారం. నెలకొకసారి ఎండలో వేయాలి. గడువు ఉన్నదానికి ముందు చోటు. బిడ్డ మన వీలు చూసుకుని పుట్టదు కాబట్టి అప్ప బొంతే ముందు. ఈ నాలుగూ పాటిస్తే మూడు బొంతలు ఇంటికి బరువు కావు.

అసలు సమస్య ఇది కాదు. అమ్మమ్మకి ఇప్పుడు కంట్లో పొర వచ్చింది. సూదిలో దారం ఎక్కించుకోలేకపోతోంది. ఆపరేషను సంక్రాంతి వెళ్ళాక చూద్దాం అంటోంది. కానీ గుడ్డ చేతికిస్తే తడిమి, ఇది ఎవరి చీరో, ఏ ఏడు కొన్నదో చెప్పేస్తుంది. మొన్న ఇల్లు సర్దుతూ అత్త, "ఆ మూట ఈసారి భోగిమంటలో వేసేద్దాం. నాలుగేళ్ళయినా అవలేదంటే ఇంక అవదు" అంది. అత్త చెడ్డది కాదు, ఇంటి పని అంతా ఆవిడే చూస్తుంది. కానీ ఆ మాటలో ఉన్న లెక్క నాకు మింగుడుపడలేదు. పూర్తయితే బొంత, పూర్తి కాకపోతే చెత్త. ఒక మనిషి నాలుగేళ్ళు వేసిన కుట్లకి, చివరి అంచు కుట్టలేదు కాబట్టి విలువ లేకుండా పోతుందా?

సగంలో ఆగిన బొంతలు మన ఇళ్ళలోనే కాదు, లోకమంతా ఉన్నాయి. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో బొంతలు కుట్టేవాళ్ళు వీటికి 'అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్ట్' అని పేరు పెట్టి, పొడి అక్షరాల్లో యు.ఎఫ్.ఓ. అని నవ్వుకుంటారు. ఎగిరే పళ్ళేలకి ఉన్న పేరే! మన పక్కింటి ఒడియావాళ్ళు బొంతని కంథా అంటారు. బెంగాలు పల్లెల్లో పాత చీరల అంచుల నుంచి లాగిన రంగు దారాలతోనే కంథాల మీద పువ్వులు, చేపలు కుట్టేవారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అని ఒక ఊరుంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి వేసుకుని చిరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలతో చలికి కప్పుకోవడానికి బొంతలు కుట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో వాటిని గోడలకి వేలాడదీశారు, తర్వాత న్యూయార్కులో కూడా. 2006లో ఆ బొంతల బొమ్మలతో అమెరికా తపాలా శాఖ స్టాంపులు వేసింది. నేను ఇది చెప్పేది మన బొంతలు కూడా మ్యూజియానికి వెళ్ళాలని కాదు. మన బొంత మనం కప్పుకుంటే చాలు. ఆ ఊరి బొంతల పక్కన కుట్టినవాళ్ళ పేర్లు ఉన్నాయి. మన మూటలకి మాత్రం పేరు చెప్పే మనిషి ఉన్నప్పుడే ఎవరూ అడగడం లేదు.

ఇంకో మాట. రెండు మూడు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే పేపర్లలో 'అతుకుల బొంత' అని రాస్తారు, వెక్కిరింతగా. ఆ మాట రాసేవాళ్ళు ఎప్పుడైనా మంచి బొంత కప్పుకున్నారో లేదో! అతుకులున్నాయని బొంత చిరగదు. కుట్టు వదులైతే చిరుగుతుంది. ఆ మాటకొస్తే మన జిల్లా కూడా అలాంటిదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని పాత గంజాం జిల్లాని రెండుగా కత్తిరించారు. ఒక ముక్క ఇటు వచ్చింది, ఒక ముక్క అటు ఉండిపోయింది. ఇటు ఉన్న మన ఇళ్ళలో తెలుగు, ఒడియా పక్కపక్కనే అతుక్కుని ఉన్నాయి. శ్రీకాకుళం చుట్టాలు మన మాట విని నవ్వినా, ఆ రెండూ కలిసి మనకి వెచ్చగానే ఉన్నాయి కదా.

మిత్రులకి నేను అడిగేది చిన్న పని. భోగికి ఇంకా నెల ఉంది. ఇంట్లో అటక మీదో, మంచం కిందో సగం కుట్టిన బొంత ఉందేమో చూడండి. దాన్ని వెంటనే పూర్తి చేయమని నేను అనను. మొదలుపెట్టిన మనిషి ఉంటే పక్కన కూర్చుని, ఏ గుడ్డ ఎవరిదో అడగండి. చిన్న తెల్లగుడ్డ ముక్క మీద బాల్‌పెన్నుతో రాసి, ఆ చోట నాలుగు కుట్లు వేసి వదిలేయండి. బొంత పనిలో వాళ్ళు వాడే మాటలు కూడా రాసుకోండి. మా ఇంట్లో టాకా అనేదాన్ని మీ ఇంట్లో ఇంకేదో అంటారేమో! ఆ మాటలు తెస్తే మన తెలుగు డిపార్టుమెంటు మేడమ్‌లు వద్దనరు. వచ్చే నెల ఈ గోడ మీదే ఆ మాటల జాబితా పెట్టుకోవచ్చు.

అమ్మమ్మ మూటలో గుడ్డలకి ఇప్పటికి పదకొండు చీటీలు కుట్టాను. ఇంకా ఏడు మిగిలాయి. అత్త కూడా నిన్న వచ్చి కూర్చుంది. బురద గీత ఉన్న చీర తన పెళ్ళికి పెట్టినదని అప్పుడు చెప్పింది. భోగిమంటకి విరిగిన కుర్చీ ఒకటి చూసి ఉంచాం.